మూరన్నర తక్కువ

వీధిలో పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆ పెద్ద కిటికీ ముందు ఆగిపోయారు.

ఒకామె గడ్డంతో లోపలికి చూపించింది. రెండో ఆమె పాపం అన్నట్టు తల ఊపింది.

లోపల మంచం మీద పడుకున్న పిల్ల నాలుక బయటపెట్టి వెక్కిరించింది.

ఇద్దరూ గబగబా వెళ్ళిపోయారు.

"సిగ్గు లేకపోతే సరి!" అంది తల్లి వంటింట్లోంచి వస్తూ.

"ఎవరికమ్మా? వాళ్ళకా, నాకా?"

ఇళ్ళకు రంగులు వేసే పిల్ల అది. నిచ్చెన జారి నడుం విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది, ఇక లేచి కూర్చోవడం నీ చేతుల్లోనే ఉంది అన్నాడు డాక్టరు. ఒక్కసారి లేవబోయి, నొప్పికి కెవ్వుమని, మళ్ళీ నడుం ఎత్తలేదు. నాలుగు నెలలయింది.

నోరు మాత్రం ఒక్కరోజూ పడుకోలేదు.

మంచం పట్టే గది ఆ ముందు గది ఒక్కటే. దానికి వీధి వైపు గోడంతా కిటికీయే, నేల నుంచి పైదాకా అద్దం.

"లోకం నోటికి ఎటూ మూత వేయలేం, కిటికీకైనా వేద్దాం," అని తల్లి కర్టెన్ల దుకాణానికి కబురు పెట్టింది.

మెడలో టేపు, చంకలో గుడ్డ ముక్కల కట్ట పెట్టుకుని ఒక పెద్దావిడ వచ్చింది.

తల్లి ముక్కలు తిరగేసింది. "ఇది మరీ పలచన, ఉన్నా లేనట్టే. ఈ చాప తెరలు వద్దు, సందుల్లోంచి కళ్ళు దూరతాయి. ఇదిగో, ఈ మందపాటి ముదురు రంగుది. నేల దాకా దిగాలి. చీమ కూడా లోపలికి చూడకూడదు."

"ఏదీ వద్దు!" అని అరిచింది పిల్ల. "చూస్తే చూడనీ. నేనేం దొంగతనం చేసి పడుకున్నానా? అడ్డం కట్టావో, అన్నం ముట్టను."

"నువ్వు ముట్టకపోతే నేనూ ముట్టను. ఇద్దరం కలిసి మాడదాం."

"నాకీ వీధి ఒక్కటే మిగిలిందమ్మా. అది కూడా మూసేస్తావా?"

తల్లి మొహం తిప్పుకుని, "కొలుచుకోవమ్మా," అంది పెద్దావిడతో.

పెద్దావిడ కిటికీ దగ్గరికి పోలేదు. మంచం దగ్గరికి వచ్చి, "కాస్త జరుగు తల్లీ," అని పిల్ల పక్కన ఒరిగింది.

"ఇదేం చోద్యం! కొలత తీసుకోమంటే పడుకుంటావేంటి?"

"కొలతే తీసుకుంటున్నానమ్మా."

వారం తిరిగేసరికి కర్టెన్లు తెచ్చి, స్టూలెక్కి తనే తగిలించింది.

తల్లి నెత్తి కొట్టుకుంది.

"మూరన్నర తక్కువ! నేల దాకా అని చిలక్కి చెప్పినట్టు చెప్పానే! ఎదిగిన పిల్లకి చిన్నప్పటి లంగా కట్టినట్టుంది. కొలవడం రాని దానివి కత్తెర ఎందుకు పట్టావ్?"

"తప్పేనమ్మా. ఒక్క నెల ఉంచండి. అప్పటికీ తప్పే అనిపిస్తే అడుగున అతుకు వేసి దింపుతాను."

"నీ అతుకూ వద్దు, నువ్వూ వద్దు. ఇంకోసారి మా గడప తొక్కకు!"

పెద్దావిడ పిల్ల వైపు ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

తల్లి కర్టెన్లు పీకబోయింది.

"వాటి మీద చెయ్యి వేశావంటే ఊరుకోను!" అంది మంచం మీంచి పిల్ల.

"అదేమిటే? వద్దన్నది నువ్వేగా?"

"నా పక్కన పడుకుని చూడు."

తల్లి విసుక్కుంటూనే ఒరిగింది. కర్టెన్ కింది నుంచి వీధి కనిపించింది. దగ్గర నడిచేవాళ్ళ కాళ్ళు, అవతలి పక్క వాళ్ళు భుజాల దాకా.

"నాకు వీధి ఉంది. వీధికి నేను లేను," అంది పిల్ల. "నన్ను చూడాలంటే ఇక వాళ్ళే వంగాలి!"

వంగారు కూడా. పక్కింటావిడ ఒకరోజు మోకాళ్ళ మీద చేతులు ఆనించి మరీ తొంగిచూసింది.

"ఇంకాస్త వంగండత్తా, దణ్ణం పూర్తవుతుంది. దీవించి పంపిస్తాను!"

ఆవిడ మళ్ళీ ఆ వైపు రాలేదు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో.

నెల గడిచింది.

ఒక ఉదయం తల్లి కాఫీ తెచ్చేసరికి మంచం మీద పిల్ల కూర్చుని ఉంది. నుదుటి నిండా చెమట. పళ్ళు బిగించి, ఒక చేత్తో కర్టెన్‌ను పక్కకు లాగి పట్టుకుంది.

"సగం సగం మనుషుల్ని చూసి విసుగెత్తిందమ్మా," అంది రొప్పుతూ. "మొహాలు కావాలి నాకు."

తల్లి కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కర్టెన్ తను పట్టుకుంది.

ఆ పూటే దుకాణానికి పరుగెత్తింది.

"నేనన్న మాటలకి ఆవిడ కాళ్ళు పట్టుకోవాలి. పిలవండి బాబూ. వంటింటి కిటికీకి కూడా కర్టెన్ కావాలి. మూరన్నర తక్కువే కావాలి!"

గుడ్డ కత్తిరిస్తున్న మనిషి కత్తెర ఆపాడు.

"పెద్దావిడ పోయి తొమ్మిది రోజులయిందమ్మా."

"కొలత తప్పిందని తిట్టి పంపేశాను బాబూ!" అంది తల్లి.

"ఏ కొలతైనా మేమే వెళ్ళి తీసుకుంటాం," అన్నాడతను. "మంచాన పడ్డ మనిషున్న ఇల్లయితే మాత్రం మమ్మల్ని పోనిచ్చేది కాదు. తనే వెళ్ళేది, ప్రతి చోటా తిట్లు తిని వచ్చేది."

"తిట్లు తింటూ కూడా ఎందుకు బాబూ?"

"చిన్నప్పుడు ఏడేళ్ళు మంచం దిగని పిల్లట ఆవిడ, ఇంట్లో గుడ్డ చాలక వాళ్ళమ్మ కర్టెన్ కురచగా కుట్టిందట."