పదికి పది టీ

"ముందు నువ్వు తాగు వాసవీ" అంటూ కాశీవిశ్వనాథం గాజు గ్లాసు భార్య ముందుకు జరిపాడు.

"మార్కులేసేది మీరు. మజ్జిన నేనెందుకు ముందు?"

"రూలు రూలే. ఏ టీ అయినా ముందు నువ్వు, తరవాత నేను."

ఈ దిక్కుమాలిన రూలు ఎందుకు పెట్టాడో వాసవీకుమారికి మొదటి వారమే అర్థమైపోయింది. తోడికోడలు నీరజ చేతి టీ ఎంత బాగుందో ముందు ఆవిడ నాలుకతోనే ఒప్పించి, ఆ తర్వాత మార్కులేసి ఉడికించడానికి. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మొగుడు ఇంత పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదు.

గ్లాసులో ఉన్నది నీరజ చేసిన గులాబీ రేకుల టీ. వాసవి ఒక గుక్క తాగింది. బాగుంది. పాడు టీ, చాలా బాగుంది. మొహం మాడ్చుకుని గ్లాసు కింద పెట్టింది. విశ్వనాథం తన గ్లాసు ఎత్తి చప్పరించాడు.

"తొమ్మిది" అన్నాడు.

తర్వాత వాసవి చేసిన అల్లం మిరియాల టీ వచ్చింది. తన టీ తాగుతుంటే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఆయన మాత్రం తాగి "ఆరు" అన్నాడు.

"ఆరేనా?"

"పోనీ, ఆరున్నర."

బరంపురం బడాబజారులో విశ్వనాథం టీపొడి హోల్‌సేల్ వ్యాపారి. పొలసర నుంచి ఖల్లికోట దాకా చిల్లరకొట్ల షావుకార్లు ఆయన చప్పరించి "భల" అన్న పొడే ఎత్తుకెళ్తారు. ఈ ఏడు కొత్తగా ఫ్లేవర్ టీ పాకెట్లు వేద్దామని తమ్ముడు ప్రకాష్ అన్నాడు. ఇంటి ఆడవాళ్ళిద్దరిలో ఎవరి టీ నెగ్గితే పాకెట్ మీద వాళ్ళ పేరే అన్నాడు విశ్వనాథం. నాలుగు ఆదివారాల పోటీ. మూడూ ప్రకాష్ భార్య నీరజే గెలిచింది. ఇది నాలుగోది, పేరు తేల్చేది.

వచ్చిన ప్రతి షావుకారికీ ఇరవై రెండేళ్ళుగా టీ కాచి ఇచ్చింది వాసవి. ఆ ఇంట్లో ఆవిడ పేరు గ్యాస్ పుస్తకం మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఇప్పుడు బజారంతా 'నీరజ టీ' అని అరుస్తుంటే వినాలి కాబోలు!

అసలు ఆవిడ లెక్కలు ఆవిడకున్నాయి. పోయినేడు వరకూ ఈయన శాంపిల్ పొడులన్నీ కొట్లోనే రుచి చూసేవాడు. జ్వరం వచ్చి లేచాక అన్నీ ఇంటికే మోసుకొస్తున్నాడు. నీరజ కాపురానికొచ్చింది కూడా అప్పుడే. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"ఆఖరిది గుజురాతి టీ బావగారూ" అంది వంటింటి గుమ్మంలోంచి నీరజ. ఏలకులకి ఆ ఊరి తెలుగిళ్ళలో ఒడియా పేరే నడుస్తుంది. "అక్కా, కుంకుమపువ్వు మేడ మీద మర్సిపోనాను. పొంగిపోకుండా కాసింత సూస్తావా?"

"ఎల్లు, ఎల్లు. నేను సూత్తాను" అంది వాసవి.

చూసింది. గిన్నెలోంచి వచ్చే ఘుమఘుమ చూసింది, ఉప్పు డబ్బా చూసింది, మేడ మెట్లు చూసింది. మూడు చెంచాల ఉప్పు గిన్నెలో పడ్డాక గరిటెతో శుభ్రంగా కలిపింది. తప్పని తెలుసు. తెలిసే చేసింది.

నీరజ దిగొచ్చి, కుంకుమపువ్వు చల్లి, రెండు గ్లాసుల్లో పోసి తెచ్చింది. తను మాత్రం రుచి చూసుకోలేదు. బావగారు తాగనిదే ముట్టదు, అదో భక్తి.

"ముందు నువ్వు" అన్నాడు విశ్వనాథం.

వాసవి తాగింది. మొహం కదలనివ్వకూడదని గట్టిగానే అనుకుంది గానీ ఆ ఉప్పు గొంతు దిగేసరికి కళ్ళు మూసుకుపోయాయి, మూతి వంకర తిరిగింది. విశ్వనాథం ఒక గుక్క తాగాడు. ఆగి, ఇంకో గుక్క కూడా తాగాడు.

"ఆహా! గుజురాతి ఎంత కమ్మగా పడిందమ్మా నీరజా! పదికి పది. పాకెట్ మీద నీ పేరే."

నీరజ ఎగిరి గంతేసినంత పని చేసి, ఖల్లికోటలో వాళ్ళమ్మకి చెప్పాలని ఫోను తీసుకుని మేడ మీదకి పరుగెత్తింది.

వాసవికి ఒళ్ళు తెలియలేదు. "ఏటండీ అంత బాగున్నాది ఆ టీలో?"

"సెప్పేను కదా, గుజురాతి..."

"ఉప్పు! మూడు సెంచాల ఉప్పేసేను అందులో. ఈ సేత్తోనే ఏసేను!"

విశ్వనాథం ఒకసారి గ్లాసు వంక, ఒకసారి భార్య వంక చూశాడు. మళ్ళీ ఒక గుక్క తాగాడు.

"ఇంకా తాగుతున్నారా! ఆవిడ సేత్తో ఇత్తే ఇసమైనా తియ్యగానే ఉంటాదా మీకు? మరి నేనెందుకు ఈ ఇంట్లో?" ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. "నా మొగం సూసి ఒక్కసారైనా నిజం సెప్పండి."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మెల్లగా మాటాడు. బజార్లో ఎవలికీ తెలీకూడదు. ఆ పొలసర షావుకార్లకి అసలు తెలీకూడదు. తెలిస్తే కొట్టు మూసుకోవాల."

"ఏటి తెలీకూడదు?"

ఆయన ఆవిడ చెవి దగ్గరికి వంగాడు.

"జొరమొచ్చిన కాణ్ణించి నా నాలిక సచ్చిపోనాది వాసవీ, నీ మొగం ఎంత మాడిందో సూసే మార్కులేత్తన్నాను."