పదేళ్ళ గొంతు

"కాగితంలో ఏముందో అదే చదవండమ్మా, చాలు," అంది టేపుల గది అమ్మాయి.

అద్దానికి అవతల మైకు ముందు కూర్చున్న గాయని కళ్ళజోడు సర్దుకుంది. కాగితంలో ఉన్నది ‘నా పదేళ్ళ పాటలు’. ఆవిడ నోటి నుంచి వచ్చింది మాత్రం, "నా దశాబ్ద గీతాలు."

ఇది మూడోసారి. ‘పెళ్ళిలో పాడాను’ అని రాసిస్తే వివాహంలో పాడానంది. ‘ఊళ్ళు తిరిగాను’ అని రాసిస్తే గ్రామాలు తిరిగానంది. ఒకప్పుడు కుర్రకారును కుదురుగా కూర్చోనివ్వని పాప్ గాయని, ఇప్పుడు పాఠం అప్పజెప్పే పంతులమ్మలా మాట్లాడుతోంది. ఒక్క ఏడో పాట దగ్గరే మామూలుగా చెప్పింది.

"ఆ రోజు నాకు జ్వరం. అయినా రికార్డింగ్ ఆగలేదు."

ఏదో తేడాగా ఉందనిపించింది అమ్మాయికి. వెనక సోఫాలో కూర్చున్న గాయని చెల్లెలి వైపు చూసింది. పొద్దుటి నుంచి ఆవిడ నోట ఒక్క మాట లేదు. ఏమడిగినా తల ఊపడమే. ఒళ్ళో చిన్న ప్లాస్టిక్ డబ్బా. టీ తాగేటప్పుడు కూడా దాన్ని వదల్లేదు.

గాయని ఓ పదేళ్ళలో పాడిన వాటిలోంచి మేలైన పది పాటలు ఏరి కంపెనీ ఆల్బం వేస్తోంది. పాత టేపులు శుభ్రం చేయాలి, పాటపాటకీ ముందు గాయని చేత రెండు ముక్కలు చెప్పించాలి, చివర ‘పది పాటల్లోనూ గొంతు ఈవిడదే’ అని రాసి సంతకం పెట్టాలి. ఇదీ అమ్మాయి పని. ఇంతకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన ఒకరి పాట మీద ఇంకొకరి పేరు పడనిచ్చి ఇంటిదారి పట్టాడు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటి పాట మళ్ళీ విన్నది.

‘కళ్ళ వాకిళ్ళు తీసి ఎన్నాళ్ళు నిలబడను...’

ప్రతి ‘ళ’ దగ్గరా నాలుక అంగిట్లో చక్కగా మడతపడుతోంది. పాటలు రాసినాయనకు ఆ అక్షరమంటే పిచ్చి కాబోలు, రెండో పాటలోనూ అదే, మూడో పాటలోనూ అదే. ఏడో పాటలో వెంటనే తగల్లేదు. గొంతు అదేలే అనుకుని ఎనిమిదో పాటకు వెళ్ళిపోయింది. అక్కడ మళ్ళీ ‘ళ’.

పాడిన మనిషికి వచ్చిన అక్షరం నుంచి ఈ మనిషి తప్పించుకు తిరుగుతోంది. అమ్మాయి హెడ్‌ఫోన్ తీసేసింది.

"అమ్మా, మొదటి పాట పల్లవి ఒక్కసారి పాడతారా? ఊరికే, సరిచూసుకోవడానికి."

"గొంతు బాగాలేదు."

"మాటలుగా చెప్పినా చాలు."

గాయని చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు డబ్బా మీద చేయి బిగించింది.

"నా పాట నా చేతే అప్పజెప్పించుకుంటావా?"

"సంతకం పెట్టేది నేనమ్మా."

"పెట్టకపోతే?"

"ఆల్బం ఆగిపోతుంది. పెట్టాక తేడా వస్తే నా ఉద్యోగం పోతుంది."

గాయని మైకు వైపు వంగింది. మెల్లగా అంది.

"కల్ల వాకిల్లు..."

అమ్మాయి కలానికి మూత పెట్టేసింది. "ఈ పాటలు పాడింది ఎవరమ్మా?"

గాయని లేచి ఇవతలికి వచ్చి, "తలుపు వెయ్యి," అంది చెల్లెలితో. చెల్లెలు తలుపు వేసి, డబ్బా మూత తీసి పట్టుకుంది. గాయని గోడవైపు తిరిగి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. డబ్బాలో ఏదో టక్కుమని పడింది. ఇటు తిరిగేసరికి బుగ్గలు లోపలికి పోయి, ఉన్నపళంగా ఇంకో పదేళ్ళు మీదపడినట్టుంది.

అలాగే నిలబడి పల్లవి మొత్తం పాడింది. గొంతు కాస్త బొంగురుపోయింది గానీ ‘ళ’ మాత్రం అచ్చం టేపులో ఉన్నదే.

"పెట్టుడు పళ్ళు. నెల కూడా కాలేదు," అంది గాయని. మాటలు తుస్సుమంటున్నాయి. "అంగిలికి ప్లేటు అడ్డం పడి నాలుక మడత పడదు. పెట్టుకుంటే ‘ళ’ రాదు, తీస్తే ‘స’ రాదు. ఏం చెయ్యమంటావు చెప్పు? నా పాట విన్నవాళ్ళ ఇళ్ళల్లో ఇంకా నా పాతికేళ్ళనాటి ఫొటోలే ఉన్నాయి. నా పళ్ళ సంగతి వాళ్ళకెందుకు?"

అమ్మాయికి తల కొట్టేసినట్టయింది. "తప్పయిపోయిందమ్మా. ఏవేవో అనుకున్నాను."

"అనుకోవాలి. ఆ కుర్చీలో కూర్చున్నాక అనుకోవాలి. మంచి చెవి నీది."

"పదికి పదీ మీవే," అంటూ అమ్మాయి సంతకం పెట్టింది. గాయని గబగబా పళ్ళు పెట్టుకుని తలుపు తీసేసరికి, బయట కాచుకుని ఉన్న కంపెనీ మేనేజరు లోపలికి వచ్చి కాగితం పట్టుకుపోయాడు.

గాయని ముందు నడిచింది. చెల్లెలు ఖాళీ డబ్బా సంచిలో వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి, తన సొంత పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఆ రోజు మొదటిసారి నోరు విప్పింది.

"వెల్లొస్తాం తల్లీ. ఇన్నేల్లకు భయం తీరింది."

అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది. పరుగున బల్ల దగ్గరికి వెళ్ళి ఏడో పాట కాగితం బయటికి లాగింది. పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా మాటమాట మీదా వేలు పెట్టి చదివింది.

వెతికి వెతికి చూసినా ఒక్క ‘ళ’ కూడా లేదు.