ఎర్త్ వైరు

"వాల్వులతోని గిటార్ ఆంప్లిఫయరా! మస్తున్నది దుర్గేష్. డిజైను నీదేనా?" నాచారం షెడ్డులో స్టూలు మీద కూర్చుంటూ అడిగాడు పౌలు. ఉప్పల్ దుకాణంలో దుర్గేష్‌కు రేడియో పని నేర్పింది ఆయనే.

"నాదే ఉస్తాద్." ఆంప్లిఫయర్ ముందు పలక మీద దుర్గేష్ పేరే ఉంది. ఆ డిజైను గీసి ఉన్న పౌలు నోట్‌బుక్ మాత్రం దుర్గేష్ సొరుగులో ఉంది. అది పోయిందని ఏడేళ్ల కిందట ఆయనకు చెప్పిందీ అతనే.

దుర్గేష్ గిటార్ మీటాడు. స్వరం కింద సన్నగా గుర్రుమనే మోత.

పౌలు ఒంగి విన్నాడు. నవ్వాడు.

"గా మోత నాది బిడ్డా. బుక్కుల ఎర్త్ వైరు తప్పు గీసిన. దిద్దుదామంటే బుక్కే పాయె."

తిట్టు కోసం ఎదురుచూస్తూ దుర్గేష్ తల దించుకున్నాడు.

"సోల్డరింగ్ ఐరన్ ఇటియ్యి," అన్నాడు పౌలు. "నా తప్పుకు నీ పేరెందుకు ఖరాబు కావాలె?"