రెండో అక్షరం

మా చెల్లెలు నీలవేణి మాఘంలో పోయింది. ఆమె గొంతు మాత్రం నిన్న ఉదయం పోయింది.

ఆమెకు నత్తి. అయినా పిల్లల కోసం తన బ్లాగులో కథలు చదివి పెట్టేది. ప్రతి కథా “సు... సు... సులోచనక్కా, విను” అనే మొదలయ్యేది. ఇప్పుడు రెప్పపాటులో తెరుచుకోని బ్లాగును నెట్‌లో ఎంత వెతికినా ఎవరికీ చూపించరు. అందుకే వేగం పెంచే కంపెనీని పిలిచాను. ఫొటోలు తగ్గించమన్నాను, గొంతు ముట్టుకోవద్దన్నాను.

కంపెనీ మనిషి ప్రభంజన్ వచ్చి, పని ముగించి వినిపించాడు. “సులోచనక్కా, విను.” ఒక్క ఊపిరిలో అనేసింది. అది మా చెల్లెలు కాదు.

“నత్తే బరువండీ మేడంగారూ, తీసేశాను. పోయాకైనా శుభ్రంగా మాట్లాడుతున్నారు చూడండి!” అని నవ్వాడు.

“పాతది?”

“అది ఉంచితే ఇంక వేగం ఎక్కడిదండీ? చెరిపేశాను. సరే అనేయండి, ఇంకో ఇంటికెళ్లాలి.”

వాళ్ల కంపెనీ నియమం ప్రకారం, ఇంటివాళ్లు నోటితో సరే అంటేనే పని ముగిసినట్టు. వాళ్లు ఆ మాట మొదలుపెట్టాక, పూర్తయ్యేలోగా అతను కదిలితే ఉద్యోగం పోతుంది.

కుర్చీ చూపించాను. “స...” అన్నాను.

అతను మాట రికార్డు చేసే చేతిపట్టీని నా నోటి దగ్గర పెట్టాడు.

“స... స...”

సాయంత్రానికి చేతులు జోడించాడు. “మేడంగారూ, మీకు దండం పెడతాను.”

“తొందరపెడితే నత్తి పెరుగుతుంది నాయనా.”

చెల్లెల్ని వెక్కిరించిన పిల్లలకు బడిలో నేను చెప్పిన పాఠమే అది.

ఈ ఉదయం అతనికి టీ ఇచ్చాను. రెండో అక్షరం ఇంకా చెప్పలేదు.