నేలకు నాలుగు వేళ్ల ఎత్తు

ఆమెకు చచ్చేంత భయం ఒక్కటే: మొగుడు మూడేళ్ల పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఎర్ర కారును రోడ్డెక్కించడం.

కారుకు ఉన్నవే రెండు సీట్లు. మనిషి నడిపేదేమో కళ్లద్దాల షాపు. ఒక్కో అద్దాన్నీ పదిసార్లు తుడిస్తే గాని ఫ్రేములో బిగించని నిదానస్తుడు. సెకండ్ హ్యాండులో ఆ స్పోర్ట్స్ కారు కొన్నాడో లేదో, స్టీరింగు పట్టుకుంటే పూనకమే. మొన్నామధ్య తండ్రీకూతుళ్లు పాల ప్యాకెట్టు తెస్తామని హైవే అవతలికి వెళ్లి, స్టవ్ మీద నీళ్లు కాగేలోపు తిరిగొచ్చారు.

"చెట్లన్నీ వెనక్కి పరిగెత్తాయమ్మా" అని పిల్ల చప్పట్లు కొట్టింది.

చెప్పి చూసింది. బతిమాలింది. రెండు రోజులు మాట్లాడడం మానేసింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. "నీకన్నీ అనుమానాలేనే" అనేవాడు. అక్కడితో సరి.

అలాంటిది, కారును ముస్తాబు చేయించడానికి లక్షన్నర దాచానని అతను నసుగుతూ బయటపెడితే ఆమె కయ్యానికి దిగలేదు.

"నేనూ వస్తాను పదండి. అందచందాల సంగతి మీకేం తెలుసు" అని పిల్లను చంకనేసుకుని బయల్దేరింది.

కార్లకు సోకులు చేసే ఆ షెడ్డు యజమాని చెవిలో పెన్సిలు దోపుకున్న పొట్టి మనిషి. కారు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, "ముందు ఇంజన్ ట్యూనింగ్ చేద్దాం సార్. బండి బాణంలా పోతుంది" అన్నాడు.

మొగుడి కళ్లు మెరిశాయి.

"పోయేటప్పుడు ఎవరికి కనిపిస్తుందన్నా?" అందామె. "ఆగినప్పుడే కదా నలుగురూ చూసేది. ఒంటి మీదికి ఏమున్నాయో చూపించండి."

"సైడు స్కర్టులున్నాయమ్మా. రెండు పక్కలా కింద తగిలిస్తాం."

"కారుకు స్కర్టులా? మా అమ్మాయికే రెండున్నాయి. సరే, తగిలించండి."

"వెనక రెక్క?"

"అంత పెద్దదా? బట్టలారేసుకోవాలి దాని మీద. చిన్నది చాలు."

"ఇక ముందు బంపరు కింద లిప్పు, పెదవిలా పొడుచుకొచ్చే పట్టీ. ప్లాస్టిక్‌ది చౌక. కార్బన్‌ది అందం, కాకపోతే దేనికైనా గుద్దుకుంటే పగులుతుంది. అది వేస్తే మాత్రం స్ప్రింగులు కూడా మార్చి బండిని కిందికి దించాలి. అప్పుడే దానికి కళ."

"ఎంత దించొచ్చు?"

యజమాని అరచెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు. "నేలకు నాలుగు వేళ్ల ఎత్తు మిగులుతుంది. దారిలో గతుకులుంటే కష్టమమ్మా, ముందే చెబుతున్నా."

"మా వీధి అద్దమండీ. హైవే దాకా ఒక్క గతుకుంటే ఒట్టు" అన్నాడు మొగుడు.

"అయితే దించేయండి. కార్బన్‌దే వేయండి" అందామె.

అతను పెళ్లాన్ని ఎగాదిగా చూశాడు. "ఏమైందే నీకివాళ?"

"ఎన్నాళ్లని పోట్లాడను మీతో?"

ఆమె పిల్ల బొమ్మలు గీసిన కాగితం తిప్పి, వెనక వైపు లెక్క కట్టింది. రంగుతో సహా సరిగ్గా లక్షన్నర. ట్యూనింగుకు చిల్లిగవ్వ మిగల్లేదు.

"అమ్మగారు ఇంజన్ జోలికి పోనివ్వలేదు సార్, చూశారా" అని యజమాని నవ్వాడు.

"అదా సంగతి" అని మొగుడూ నవ్వాడు. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఉన్న ఇంజనే నూట అరవై లాగుతుందే పిచ్చిదానా."

ఆమె తల వంచుకుని పిల్ల చెప్పు పట్టీ బిగించింది.

పది రోజులకు కారు ఇంటికొచ్చింది, నేలను వాసన చూస్తున్నట్టు. ఇరుగుపొరుగు మూగారు. అతని కాళ్లు భూమ్మీద ఆనలేదు. "ఆదివారం హైవే మీద నువ్వూ నేనూ" అని కూతురికి మాటిచ్చాడు.

శుక్రవారం మున్సిపాలిటీ లారీ వచ్చి, వీధి మొదట్లో, బయటికి ఉన్న ఒకే ఒక్క దారిలో తారు కుమ్మరించి స్పీడ్ బ్రేకర్ వేసి పోయింది.

ఆదివారం అతను నేరుగా పోనిచ్చాడు. లిప్పు కర్రుమంది. ఏటవాలుగా ప్రయత్నించాడు. రివర్సులో ప్రయత్నించాడు. చివరికి పిల్లను దింపి ఇంట్లోకి పంపించి, ఫ్రేములు కొలిచే స్కేలు తెచ్చుకుని రోడ్డు మీద బోర్లా పడుకున్నాడు. కారుకు నాలుగు వేళ్లు, దిబ్బకు ఆరు.

షెడ్డుకు ఫోన్ చేశాడు. తగిలించినవన్నీ పీకి, మళ్లీ స్ప్రింగులు మార్చాలంటే ఇంకో డెబ్బై వేలన్నారు.

"ఎక్కణ్నుంచి తెస్తారు?" అందామె మంచినీళ్ల గ్లాసు చేతికిస్తూ. "ఉన్నదంతా ఊడ్చి పెట్టాం కదండీ."

"ఇన్నేళ్లుగా లేనిది, సరిగ్గా ఇప్పుడే గుర్తొచ్చిందా వీళ్లకి?" అని అతను మున్సిపాలిటీని శాపనార్థాలు పెట్టాడు. ఆమె ఆ శాపనార్థాలన్నీ ఓపిగ్గా విన్నది.

ఇప్పుడు రోజూ సాయంత్రం కారు వాకిట్లోనే ఉంటుంది. పిల్ల స్టీరింగు తిప్పుతుంది. అతను పక్క సీట్లో కూర్చుని నోటితో ఇంజన్ చప్పుడు చేస్తాడు.

పాపం, ఎప్పుడైనా అటు వెళ్తే ఎలా ఉన్నాడో ఓసారి పలకరించి రండి గాని, ఆ స్పీడ్ బ్రేకర్ కావాలని దరఖాస్తు పెట్టుకున్నది వాళ్లావిడేననీ, మంజూరైనట్టు కాగితం ఆమె చేతికి అందిన మర్నాడే ఇద్దరూ షెడ్డుకు వెళ్లారనీ మాత్రం నోరు జారకండి.