తెల్లహంస పీఠం

ఆ కాగితాన్ని కాల్చేయాలని ప్రొఫెసర్ హూబ్ వెర్హాగె నిర్ణయించుకునేసరికి శుక్రవారం మధ్యాహ్నం మూడైంది.

కాగితం అతనిది కాదు. యాకొమీనా అనే డెబ్బై ఎనిమిదేళ్ల వితంతువుది. అతను కూర్చున్న పీఠమూ ఆవిడ పెట్టించిందే. జీలాండ్ రేవులోని విశ్వవిద్యాలయంలో సముద్రయాన చరిత్ర చెప్పడానికి ఆవిడ తన సొమ్ముతో ఒక ఆచార్య పీఠం ఏర్పాటు చేసింది. 1764లో మునిగిన 'తెల్లహంస' అనే ఓడ పేరు దానికి పెట్టింది. అందులో ఎవరుండాలో అయిదేళ్లకోసారి తేల్చేది ఆవిడే. వెర్హాగె అయిదేళ్లు సోమవారంతో సరి.

వారానికి ఒక్కరోజే అతను ప్రొఫెసరు. మిగతా నాలుగు రోజులు హైస్కూల్లో చరిత్ర మాస్టారు. పీఠం పోతే అయిదు రోజులూ మాస్టారే.

"మీ ప్రొఫెసరు గౌను ఉతికించమంటారా, తిరిగిచ్చేస్తారా?" అని విశ్వవిద్యాలయం ఆఫీసులో పనిచేసే నెల్ ఆ ఉదయమే అడిగింది.

"ఉతికించు. ముసలావిడ నన్ను వదులుకోదు."

"కిందటాయనా ఇలాగే అన్నారు. ఇప్పుడు పడవలో యాత్రికులకు ఊరు చూపిస్తున్నారు. మైకులో బాగానే చెబుతారట."

ముసలావిడకు ఏం కావాలో తనకు తెలుసనే వెర్హాగె నమ్మకం. ఆ ఊళ్లో సొమ్మున్నవాళ్లంతా ఓడల యజమానుల సంతతే. తెల్లహంసకు యజమాని, కెప్టెన్ ఒకడే, యోస్ట్. ఆవిడ ఆ యోస్ట్ వంశమేనని ఊరంతా అనుకునేది. ఆవిడ అవుననలేదు, కాదనలేదు. తుఫానులో పదకొండు మంది పోగా యోస్ట్, ఓడ వడ్రంగి మాత్రం చిన్నపడవలో బతికొచ్చారని పాత కథ. తర్వాత యోస్ట్ ఊరికి మేయరయ్యాడు. చర్చిలో అతని పేర పాలరాతి పలక వెలిసింది.

ఏటా ఇచ్చే ఉపన్యాసంలో వెర్హాగె ఆ కెప్టెన్‌ను పొగిడేవాడు. ఆవిడ ముందు వరుసలో చేతిసంచి ఒళ్లో పెట్టుకుని వినేది. అయ్యాక ఒకే మాట అడిగేది.

"ఇంతేనా?"

మరుసటి ఏడు అతను ఇంకాస్త పొగిడేవాడు. నాలుగో ఏటికి అలలు చర్చి గోపురమంత ఎత్తు లేచాయి. అయిదో ఏట కెప్టెన్ ఒక నావికుణ్ణి కాపాడబోయి వేలు పోగొట్టుకున్నాడు. ఆ వేలి సంగతి ఏ కాగితంలోనూ లేదు.

కిందటి నెల ఆవిడ వేలంలో ఒక పెట్టె కొని అతనికిచ్చింది. అందులో ఒక బీమా కంపెనీ పాత కాగితాలున్నాయి.

"ఈ గొలుసుకట్టు రాత నాకు చదవరాదు. మీరు చదవండి. ఏముంటే అది చెప్పండి" అంది. ఏం వెతకాలో చెప్పలేదు. డబ్బిచ్చినవాళ్లు పరిశోధనలో తలదూర్చకూడదని పీఠం నిబంధన.

నలభై మూడు కాగితాల్లో ఒకటి వడ్రంగి చనిపోయే ముందు ఇచ్చిన వాంగ్మూలం. తుఫానే లేదు. బీమా సొమ్ము కోసం యోస్ట్ ఆ వడ్రంగి చేతే ఓడ అడుగున చిల్లులు తొలిపించాడు. నావికులు నిద్రపోతుంటే కింది గది తలుపుకు బయటి నుంచి గడియ పెట్టించాడు. అప్పటికి యోస్ట్ మేయరు కాబట్టి కంపెనీ ఆ కాగితాన్ని పెట్టె అడుగున తొక్కేసింది.

చరిత్రకారుడనేవాడు జన్మంతా వెతికే కాగితం. వెర్హాగె దాన్ని రెండుసార్లు చదివాడు. పెరట్లో మాంసం కాల్చుకునే పొయ్యి వెలిగించాడు.

"ఏం కాలుస్తున్నావ్?" అంది భార్య కిటికీలోంచి.

"పాత పరీక్ష పేపర్లు."

"మార్కులేశాకేనా?"

పాతకాలపు గట్టి కాగితం. కాలడానికి చాలాసేపు పట్టింది.

సోమవారం ఆవిడ ఇంట్లో కాఫీ ఇచ్చింది. డబ్బా తెరిచి ఒక బిస్కెట్టు ఇచ్చి, ఆ ఊళ్లో అందరిళ్లలో లాగే మూత పెట్టేసింది.

"పెట్టెలో ఏముంది, ప్రొఫెసర్ గారూ?"

"ఉత్తరాలు మేడం. సరుకుల జాబితాలు."

"ఇంతేనా?"

"ఇంతే."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అయితే ఇక ఈ పీఠం ఎత్తేస్తాను. మీ ముందాయన అయిదేళ్లు, మీ అయిదేళ్లు. నాకూ ఓపిక లేదు."

వెర్హాగె సగం కొరికిన బిస్కెట్టు సాసర్లో పెట్టేశాడు. చేసిన మేలు చెప్పుకోకపోతే తెలిసేదెలా అనిపించింది.

"ఒక్క కాగితం ఉండేది మేడం. మీ వంశానికి మచ్చ తెచ్చేది. మీ కోసమే తీసేశాను."

"తీసేశానంటే?"

"కాల్చేశాను."

"ఫొటో?"

"ఫొటో తీసి ఉంచుకునేంత తెలివితక్కువవాణ్ణా మేడం."

"ఏముందందులో?"

చెప్పాడు. ఆవిడ కళ్లు మూసుకుని వింది.

"ఆ గడియ సంగతి మళ్లీ చెప్పండి."

మళ్లీ చెప్పాడు. ఆవిడ డబ్బా మూత తీసి అతని ముందుకు జరిపింది. ఆ ఊళ్లో రెండో బిస్కెట్టు ఎవరూ ఊరికే పెట్టరు. ఇంకో అయిదేళ్లు ఖాయమనుకుని వెర్హాగె చెయ్యి చాచాడు.

"ఆ వడ్రంగి నోరు జారిన ఈ మాట ఎనిమిది తరాలుగా మా ఇంట్లో చెప్పుకుంటూనే ఉన్నాం. రాతలో చూపించినవాడు లేడు" అంది ఆవిడ. "ముందే మీ చెవిన వేస్తే, డబ్బిచ్చిన మనిషికి కావలసింది రాశాడంటారు. అందుకే పదేళ్లు నోరు మూసుకున్నాను."

వెర్హాగె చెయ్యి డబ్బాలోనే ఉండిపోయింది.

"ఊరు అనుకుంటే అనుకుంది, మీరైనా ఒక్కసారి అడగాల్సింది ప్రొఫెసర్ గారూ. యోస్ట్ మావాడు కాదు, ఆ గడియ వెనక మునిగిన పదకొండు మందిలో వంటవాడు మావాడు."