మొరాయించే తుపాకీ

టిక్.

నాలుగో తూటా పేలలేదు.

"మళ్ళీనా?" అన్నాడు పక్క బల్ల దగ్గర నిలబడ్డ కోవల్చిక్. అతని గొంతులో విచారం కన్నా ఉత్సాహమే ఎక్కువ.

వెండెల్ తుపాకీ గొట్టాన్ని ఎదుటి మట్టిగట్టు వైపే ఉంచి కదలకుండా నిలబడ్డాడు. అది షూటింగ్ క్లబ్బు నియమం. భద్రత చూసే డెల్బర్ట్ వచ్చి తుపాకీ అందుకున్నాడు. పేలని తూటాను బయటికి లాగి తన చొక్కా జేబులో వేసుకున్నాడు. పేలని తూటా ఎక్కడపడితే అక్కడ ఉండకూడదు. అదీ నియమమే.

"తూటా తప్పేం లేదురా. లోపలి పిన్ను గట్టిగా కొట్టట్లేదు," అన్నాడు.

"నకలు కదా! ఈ రోజుల్లో ఉక్కంటే రేకు డబ్బానే. మా నాన్న కార్బైను తుపాకీ చూడు, నార్మండీ యుద్ధం నుంచి వచ్చింది. ఒక్కసారైనా ఆగిందా?" అన్నాడు కోవల్చిక్.

"పేలిస్తే కదా ఆగడానికి! దాన్ని అద్దాల పెట్టెలోంచి తీసి ఎన్నేళ్ళయింది?" అన్నాడు వెండెల్.

అందరూ నవ్వారు. వెండెల్‌కీ నవ్వొచ్చింది.

వెండెల్ తండ్రి కూడా రెండో ప్రపంచ యుద్ధంలో అలాంటి కార్బైనే మోశాడు. దానికి అచ్చంగా నకలు చేసిన ఈ కొత్తదాన్ని, భార్య ఆర్లీన్ తన చివరి వేసవిలో అతని పుట్టినరోజుకు కొనిచ్చింది. ఆకులు రాలే కాలానికి ఆమే లేదు. ఆ తర్వాత వెండెల్ గడప దాటలేదు. చివరికి డెల్బర్ట్ వచ్చి తలుపు బాదాడు. "దాన్ని గోడకి తగిలించడానికి కొన్నారా ఏంటి? శనివారం పట్టుకురా!"

మొదటి శనివారం తుపాకీ బుద్ధిగా పేలింది. అందరూ మెచ్చుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. రెండో శనివారం నుంచి మొదలైంది మొరాయింపు. వెండెల్ వేళ్ళ కీళ్ళు వాచిపోవడంతో మేగజైనులో తూటాలు నింపిపెట్టేది డెల్బర్టే. ఎంత జాగ్రత్తగా నింపినా, మధ్యలో ఎక్కడో ఒకచోట టిక్.

కంపెనీకి ఫోన్ చేస్తే ఓ అమ్మాయి ఓపిగ్గా మాట్లాడింది.

"ట్రిగ్గరు పూర్తిగా నొక్కుతున్నారా సార్?"

"నొక్కుతున్నానమ్మా."

"యుద్ధంలో వాడినవి కూడా అప్పుడప్పుడూ ఆగేవి సార్. మాది అచ్చం వాటిలాగే చేశాం."

వెండెల్ ఆమెకు ధన్యవాదాలు చెప్పి పెట్టేశాడు.

అలా ప్రతి మంగళవారం వెండెల్ వంటింట్లో మరమ్మతు మొదలైంది. భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి ముగ్గురూ కలిసి తుపాకీ విప్పేవారు. నూనె ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు. ఖాళీ కడుపుతో పిన్నులు కనిపించవంటూ డెల్బర్ట్ తన భార్య బంగాళాదుంప ముద్ద కూరి చేసిన పిరోగీలు గిన్నె నిండా తెచ్చేవాడు. చేతుల జిడ్డు వదలాలంటూ కోవల్చిక్ సింకులో పేరుకున్న గిన్నెలన్నీ తోమేసేవాడు. వెండెల్ తుపాకీ పట్టుకుని జారిపడతాడేమోనని గుమ్మం మెట్ల మీది మంచు కూడా వాళ్ళే గీకేసేవారు. అంతా తుపాకీ కోసమే. ఎలా ఉన్నావని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ఊళ్ళో మగాళ్ళు ఒకరినొకరు అలాంటివి అడుక్కోరు.

ఆ మంగళవారం ఓ చిన్న స్ప్రింగు ఎగిరి బల్ల కింద పడింది. డెల్బర్ట్ బోర్లా పడుకుని దూరి, రొప్పుతూ దాన్ని పట్టుకొచ్చాడు.

"ఇక చాలు," అన్నాడు వెండెల్. "వెనక్కి తీసుకుంటామంది కంపెనీ. సోమవారం పంపించేస్తా."

డెల్బర్ట్ చేతిలో ఫోర్కు గాల్లోనే ఆగింది. "పంపించేసి? శనివారాలు ఏం చేస్తావ్?"

"ఇంట్లో ఉంటా. చదవాల్సిన పుస్తకాలున్నాయి."

"ఇంకోటి కొనుక్కోరా!"

"ఇది ఆర్లీన్ కొన్నది. ఇది పోయాక ఇంకోటి ఎందుకు?"

ఆ పేరు ఆ వంటింట్లో చాలా కాలానికి వినబడింది. కోవల్చిక్ సింకు దగ్గర కుళాయిని ఇంకాస్త పెద్దగా తిప్పాడు. పిరోగీలు చల్లారిపోయాయి. వెళ్తూ వెళ్తూ డెల్బర్ట్ అన్నాడు. "ఈ ఒక్క శనివారం రా. ఈసారి పేలుతుంది చూడు. నా మాట నమ్ము."

శనివారం వెండెల్ వచ్చాడు. తూటాలు నింపడానికి డెల్బర్ట్ చెయ్యి చాపాడు.

"వద్దులే. పొద్దున్నే నేనే నింపుకున్నా," అన్నాడు వెండెల్.

"నీ వేళ్ళతోనా?"

"తంటాలు పడ్డాను."

డెల్బర్ట్ మొహంలోకి ఒక్కసారిగా ధైర్యం వచ్చింది. కోవల్చిక్‌కి కన్ను గీటాడు. "ఇంకేం, కొట్టు!"

ఒకటి. రెండు. మూడు.

టిక్.

ఎవరూ నవ్వలేదు. డెల్బర్ట్ నోరు తెరుచుకుని కోవల్చిక్ వైపు చూశాడు. కోవల్చిక్ భుజాలెగరేశాడు.

"ఒరే, ఇది నిజంగానే మొరాయిస్తోందిరా!" అన్నాడు డెల్బర్ట్.

"మరి ఇన్నాళ్ళూ నేను మొత్తుకుంటున్నదేంటి?" అన్నాడు వెండెల్. "ఇలాంటిదాన్ని ఇంకెవరి నెత్తినో రుద్దడం పాపం. పంపించను. మంగళవారం రండి, దీని సంగతేంటో చూద్దాం. పిరోగీలు కాస్త ఎక్కువ తీసుకురా."

డెల్బర్ట్ తుపాకీ అందుకోబోయాడు. వెండెల్ ఇవ్వలేదు. పేలని తూటాను తానే బయటికి లాగి, తన చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

అది మంగళవారం స్ప్రింగు కోసం బల్ల కింద దూరినప్పుడు డెల్బర్ట్ జేబులోంచి జారిపడి, వాళ్ళు వెళ్ళాక వెండెల్‌కి దొరికిన, లోపల మందే పోయని ఉత్తుత్తి తూటా.